కఫ్తాను: నాడు, నేడు

ఇస్తాంబులు నగరమున తోప్‌కాపి అను ప్రాసాదము కలదు. ఉస్మానీ వంశపు సుల్తానులు శతాబ్దుల తరబడి అచ్చటినుండి రాజ్యమేలిరి. 1924లో అది ప్రదర్శనశాలగా మారినది. అందలి మణిమాణిక్యముల చెంతనే సుల్తానులు తొడిగిన అంగీలును భద్రముగా నున్నవి. సుల్తాను గతించినప్పుడు ఆయన దుస్తులను మూటగట్టి, పేరు వ్రాసిన చీటీ చేర్చి, భాండాగారమున దాచుట ఆ వంశమువారి ఆచారము. అందువలననే 16వ శతాబ్దినాటి పట్టును నేటివారు కన్నులార చూడగలుగుచున్నారు. ఈ అంగీ పేరే కఫ్తాను.

కఫ్తాను పారసీక శబ్దము. మడమలదాక జారెడి పొడవు, ముందువైపున నిలువునా తెరపు, వదులైన చేతులు దీని లక్షణములు. ఉత్సవములలో తొడుగు కఫ్తానులకు భుజములనుండి క్రింది అంచుదాక వ్రేలాడు అలంకారపు చేతులుండెడివి; తొడిగినవాని చేతులు మాత్రము భుజములకడనున్న చీలికలనుండి వెలికి వచ్చెడివి. బుర్సా నగరపు మగ్గములపై నేసిన పట్టును, మఖమలును, వెండిబంగారు తీగెల జరీబట్టను వీనికి వాడిరి. కొన్నిటిపై మూడేసి గుండ్రని బిళ్ళలును, జంట అలలవంటి గీతలును కానవచ్చును. కళాచరిత్రకారులు ఈ నమూనాను ‘చింతామణి’ అందురు. పేరు సంస్కృతమే. బౌద్ధుల రత్నచిహ్నమునుండి ఇది పుట్టినదని పలువురి అభిప్రాయము.

ఆ కొలువులో కఫ్తాను రాజానుగ్రహమునకు గుర్తు. ఎవరినైనను గౌరవింపదలచినచో సుల్తాను వారికి కఫ్తాను తొడిగించెడివాడు. దీనినే ఖిలాతు అనిరి. విదేశరాయబారులు సైతము సుల్తాను దర్శనమునకు ముందు ఆయన ఇచ్చిన కఫ్తానును తొడుగుకొనెడివారు. బట్ట వాసిని చూచియే ఎవరికెంత మర్యాద దక్కినదో సభవారు గ్రహించెడివారు. తొడుగుకొన్నవానికది సత్కారము, తొడిగించినవాని ఆధిక్యమును అంగీకరించుటయు నదియే.

ఈ కోవకు చెందిన వేషము దక్షిణాపథమునకును వచ్చినది. ‘కబా’ అను అరబ్బీ నిలువుటంగీ పేరు తెలుగున ‘కబాయి’గా మారి నిఘంటువుల కెక్కినది. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పునగల 16వ శతాబ్ది చిత్రములలో ఎత్తైన కుళ్ళాయిలును, పొడవైన అంగీలును ధరించిన పురుషులను నేటికిని చూడవచ్చును. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువును చదివిన విద్యార్థికి కుళ్ళాయి క్రొత్త మాట కాదు. కొలువునకు తగిన వేషము వేయవలెనను నియమము కవిసార్వభౌముని సైతము విడిచిపెట్టలేదు.

రాజాజ్ఞచే వెలుగొందిన వేషము రాజాజ్ఞచేతనే తొలగినది. 1829లో సుల్తాను రెండవ మహమూదు తన ఉద్యోగులు తలపాగాలను, కఫ్తానులను విడిచి, ఎఱ్ఱని తుర్కీ టోపీని, ఐరోపా తరహా కోటును ధరింపవలెనని శాసించెను. మతాచార్యులకు మాత్రము మినహాయింపు నిచ్చెను. విచిత్రమేమనగా, ఆ తుర్కీ టోపీని కూడ 1925లో తురుష్క గణరాజ్యము నిషేధించినది.

మొరాకో దేశమున కథ వేరొక విధముగా నడచినది. ఆ దేశము ఉస్మానీ సామ్రాజ్యమున చేరలేదు. పూర్వము స్త్రీపురుషు లిరువురును ధరించిన కఫ్తాను అచ్చట క్రమముగా స్త్రీల పండుగ వేషమైనది. పెండ్లికూతురు ఒక్క వేడుకలోనే పలుమార్లు కఫ్తానులు మార్చును. దీని ప్రాణమంతయు చేతిపనిలో నున్నది. ముందు అంచున పట్టుదారపు అల్లిక పట్టీ. దాని వెంబడి దారముతో ముడివేసి చేసిన చిన్న చిన్న గుండీల వరుస. పాతబజారులలో దర్జీ అంచు కుట్టుచుండగా, కొంచెము దూరమున ఒక బాలుడు దారములను వ్రేళ్ళకు తగిలించుకొని, ప్రతి కుట్టుకు చేతులు మార్చుచు నిలుచుండును. ఆ బాలుడే పెరిగి ‘మాలెం’, అనగా ఒజ్జ, అగును.

1960వ దశకమున ఐరోపా, అమెరికా వేషకర్తల దృష్టి కఫ్తానుపై పడినది. ఫ్రెంచి వేషకర్త ఈవ్ సేంట్ లొరాఁ 1966లో తొలిసారి మరాకెష్ నగరమునకు వచ్చి, అచ్చటి రంగులకు ముగ్ధుడయ్యెను. నాటినుండి కఫ్తాను సముద్రతీర విహారమునకు, విందులకు, ఇంటి విశ్రాంతికి తగిన దుస్తుగా లోకమంతట వ్యాపించినది. మన అంగళ్ళలోను అద్దకపు నూలుబట్టతో కుట్టినవి దొరకుచున్నవి. ధరించుటకవి హాయియే. కాని అందు పేరును వదులును మిగిలినవి. అల్లికపట్టీ, దారపు గుండీ లోపించినవి.

మర్యం తూజాని తీసిన ‘నీలి కఫ్తాను’ అను 2022 నాటి చలనచిత్రము ఈ వేదననే చెప్పినది. సలే నగరపు దర్జీ ఒకడు యంత్రపు వేగమునకు లొంగక, ఒక్కొక్క కుట్టే చేతితో వేయుచు, కొనువారి తొందరను భరించును. 2025 డిసెంబరులో ఢిల్లీలో సమావేశమైన యునెస్కో సంఘము మొరాకో కఫ్తాను కళను మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. మన దీపావళియు ఆ సమావేశముననే ఆ జాబితా కెక్కినది.

గౌరవము దక్కినది, సంతోషమే. గద్వాలు, వెంకటగిరి చీరలకు మరమగ్గపు అనుకరణలు వచ్చుట చూచిన తెలుగువారికి తరువాతి ప్రశ్న తెలియనిది కాదు. జాబితా పేరును నిలుపగలదు; పనిని నిలుపవలసినది కొనువారు చెల్లించు న్యాయమైన వెల. సుల్తాను చేతినుండి అందిన కఫ్తాను నేడు పెట్టెలో భద్రముగా నున్నది. మాలెం చేతిలోని కఫ్తానుకు మాత్రము దారము పట్టుకొని నిలుచు బాలుడు ఇంకను కావలెను.