పొత్తు కుదిరిన నాడు

పెనుకొండ వీధులలో నిలిచి చూచినచో, పాతకోట గోడల తునుకలును, వాని వెనుక నిట్టనిలువుగా లేచిన కొండయు కన్నుల బడును. హిందూపురము, ధర్మవరము, పుట్టపర్తి ప్రాంతముల విద్యార్థులు సెలవుదినములలో ఈ కోట చూడ వచ్చుచుందురు. గగనమహలు నీడను చతికిలబడి, సెల్‌ఫోను చేతబట్టి యుద్ధపుటాటలో మునిగినవారును వారిలో లేకపోరు. ఉపాధ్యాయులు విసుగుకొనుట సహజమే. అయినను ఆ ఆటలో వారు చేయుచున్నదేమో ఒకసారి అడిగి తెలిసికొన్నచో, పెనుకొండ చరిత్ర చెప్పుటకు అంతకంటె దగ్గరిదారి వేరొకటి లేదని తోపకమానదు.

ఆ ఆటలలో పెద్దకోట ఒక్కని బలముతో కూలదు. ఆటగాండ్రు కూటమి కట్టుదురు. పెద్ద యొకడు లక్ష్యమును చూపి కొంత గడువు పెట్టును; సభ్యులు తమ సేనలను ఆ గడువులోగా అతని కడకు చేర్పవలెను; గడువు తీరగానే అన్నియు ఒక్క దండై కదలును. అంతకుముందే వేగువారిని పంపి శత్రువు బలమెంతయో అరయవలెను. ఎవరు ఏ తరగతి సేనను పంపవలెనో నిర్ణయింపవలెను. అందరును బయలుదేరినచో ఇంటికి కాపెవ్వరన్న ప్రశ్నయు నున్నది. దాడి క్షణముల పని. సన్నాహమే అసలైన ఆట.

ఈ పని నిజముగానే కృష్ణాతీరమున జరిగి నాలుగువందల అరువదియేండ్లు దాటినది. అది జరిగినందువలననే పెనుకొండ రాజధాని యైనది.

పదునారవ శతాబ్ది నడుమ దక్కనులో అయిదుగురు సుల్తానులుండిరి: బిజాపురమున ఆదిల్షా, అహ్మదునగరమున నిజాంషా, గోలకొండలో కుతుబ్‌షా, బీదరులో బరీద్‌షా, బీరారులో ఇమాద్‌షా. ఒకరియందొకరికి నమ్మిక లేదు. విజయనగరమున సదాశివరాయలు పేరునకు ప్రభువు. అధికారమంతయు అళియ రామరాయలది. ఈ అయిదుగురిలో ఏ ఇరువురికిని చేయి కలుపుకొను తీరిక నీయకుండుటయే ఆయన రాజనీతి. ఒకరి పక్షమున చేరి వేరొకరిని కొట్టుట, మరునాడు పక్షము మార్చుట. అలీ ఆదిల్షా ఒకప్పుడు విజయనగరమునకు స్వయముగా వచ్చి రామరాయలను తండ్రిగా భావించెనని ఫెరిష్తా వ్రాసెను. గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా, సింహాసన మెక్కకమునుపు, 1543 మొదలు ఏడేండ్లు విజయనగరముననే తల దాచుకొనెను. తెలుగుకవులు మల్కిభరాముడని కొనియాడిన ప్రభువితడే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నితనికే అంకిత మిచ్చెను. ఇట్టి ఇరువురును ఒకనాడు ఎదుటి పాళెమున కలిసి నిలుతురని రామరాయలు తలపడు కాబోలు. ఆ పొరపాటును వృద్ధాప్యమున కంటగట్టుట తేలిక. ఏండ్ల తరబడి ఫలించిన ఉపాయమును ఎవడు సందేహించును?

పొత్తునకు గట్టి అడ్డంకి అహ్మదునగర బిజాపురముల పగ. షోలాపురము కోట ఎవరిదన్న తగవు వారికి వంశపారంపర్యము. గోలకొండ సుల్తాను ఈ ముడిని విప్పబూనెను. అతని కొలువులోని ముస్తఫాఖాను రాయబారియై ఇరువురి నడుమ తిరిగెను. మాటలవలన చాలదని యెరిగి రెండు వివాహములు కుదిర్చిరి. హుస్సేన్ నిజాంషా కూతురు చాంద్‌బీబీని అలీ ఆదిల్షాకును, ఆదిల్షా సోదరిని నిజాంషా కుమారుడు ముర్తజాకును ఇచ్చిరి. చాంద్‌బీబీకి అరణముగా వచ్చినది షోలాపురపు కోటయే. తగవునకు మూలమైన దానినే పెండ్లికానుకగా మార్చిన ఆ బుద్ధికి మెచ్చుకొనక తప్పదు. బీరారు ప్రభువుమాత్రము ఈ పొత్తులో చేరలేదు. నిజాంషాపై అతనికి గల కినుక తీరలేదు.

నలుగురు కలిసినపిమ్మట సాకు కావలసివచ్చెను. రాయచూరు, ముద్గల్లు కోటలను తిరిగి ఇమ్మని ఆదిల్షా దూతను పంపెను. రామరాయలు వానిని గెంటించెను. కోరినదియు నదియే.

1564 డిసెంబరు చివర సేనలు బిజాపుర ప్రాంతమునుండి కదలి తళ్ళికోట యొద్ద విడిసెను. ముందు కృష్ణానది. దాటుటకు అనువైన రేవులన్నియు విజయనగర సేనల కావలిలో నుండెను. ఇచట పొత్తువారు చేసిన పని గమనింపదగినది. వారు వేరొక రేవు వెదకువారివలె ఏటి వెంట మూడు దినములు నడచిరి. ఆవలియొడ్డున విజయనగర సేనయు, రేవు విడిచి, వారితో సమముగా నడచెను. అంతట పొత్తువారు రాత్రివేళ వెనుకకు తిరిగి, కాపులేని మొదటి రేవునకు పరుగున వచ్చి, నది దాటిరి. నాలుగు రాజ్యముల సేనలు. ఒక్కని దండు దారి తప్పినను పన్నుగడ బెడిసియుండును.

1565 జనవరి 23వ తేది, రక్కసి తంగడి గ్రామముల దాపున పోరు జరిగెను. కుడివైపు ఆదిల్షా, ఎడమవైపు కుతుబ్‌షాయు బరీద్‌షాయు, నడుమ నిజాంషా నిలిచిరి. ఎదుట తిరుమలరాయలు, వెంకటాద్రి ఇరుపక్కల నుండగా రామరాయలు నడుమ నుండెను. నిజాంషా ముందు రూమీఖాను నడుపు ఫిరంగులు మూడు వరుసలుగా తీర్చబడెను. అవి ఆరువందలని ఫెరిష్తా లెక్క. అవి కానరాకుండ ముందు విలుకాండ్రను నిలిపి, శత్రువు దగ్గరకు రాగానే వారిని పక్కలకు తప్పించిరి. దగ్గరపోరున రాగినాణెముల సంచులనే ఫిరంగులలో కూరి కాల్చిరట. రామరాయలు పట్టువడెను, ఆయన శిరము నీటెకెక్కగానే సేన చెదరెను. విజయనగర పక్షమున కొలువున్న ఇరువురు సేనానులు ద్రోహము చేసిరని రెండేండ్ల తరువాత విజయనగరమున నివసించిన వెనీసు వర్తకుడు చెసారె ఫెదెరిచి వ్రాసెను. చరిత్రకారులు దీనిపై నేటికిని వాదించుచునే యున్నారు. ఇది కేవలము మతయుద్ధమని బాలురకు బోధించుట సరికాదు. రామరాయలు నిన్నటివరకు సుల్తానులతో కలిసి సుల్తానులపై పోరినవాడు. ఆయన సేనలో ముస్లిములుండిరి, సుల్తానుల సేనలలో హిందువులుండిరి.

తిరుమలరాయలు సదాశివరాయలను వెంటగొని, ఏనుగులపై ధనరాసుల నెత్తించి, దక్షిణముగా సాగి పెనుకొండ చేరెను. ఈ కొండకోటయే సామ్రాజ్యమునకు నూతన పీఠము.

పొత్తువారు దండయాత్రను అంత నేర్పుతో దిద్దుకొనిరే గాని, గెలిచిన మరునాటి మాట తలపెట్టలేదు. హుస్సేన్ నిజాంషా ఆ 1565 లోనే మరణించెను. అలీ ఆదిల్షా ఆనెగొంది వంకకు మరల దండెత్తినపుడు అడ్డుపడినది మరెవ్వరో కాదు, బాలుడైన ముర్తజా పేర అహ్మదునగరము నేలుచున్న వాని తల్లి ఖూంజా హుమాయూను. ఆమె సేన బిజాపురము దిక్కునకు నడచెనని వినగానే ఆదిల్షా ఇంటిదారి పట్టెను. షోలాపురము మరల కలహమూలమయ్యెను. పొత్తున మిగిలినదెల్ల పెండ్లికూతురే యనవచ్చును: మూడు దశాబ్దుల తరువాత, 1595–96లో, మొగలులు అహ్మదునగరమును ముట్టడించినపుడు కోటను నిలిపినది ఆ చాంద్‌బీబీయే.

పెనుకొండకు ఊపిరి దొరకినది ఈ సందుననే. 1576 ప్రాంతమున ఆదిల్షా మూడు నెలలు ఈ కోటను ముట్టడించెను. అప్పుడు శ్రీరంగరాయలు ప్రభువు. ఆదిల్షా కొలువులోని హిందూనాయకులను ఆయన ధనముతో తనవైపు త్రిప్పుకొనెను, ముట్టడి విఫలమయ్యెను. వెంకటపతిరాయల కాలమున గోలకొండ మహమ్మద్ కులీ కుతుబ్‌షా వచ్చెను. అతడు ఇబ్రహీము కుమారుడే. కాని ఈసారి ఒంటరిగా వచ్చెను. కోటవారు సంధి యని గడువు కోరగా అతడంగీకరించి సేనను వెనుకకు తీసెను. మూడు దినములలో ధాన్యము, కావలసిన సామగ్రి లోనికి చేరెను. నాలుగవనాడు జగదేవరాయలు తుపాకివారితో వచ్చి కోట చొచ్చెను. సుల్తాను మరల ముట్టడించెనుగాని, వానకాలము దగ్గరపడుచుండెను. కృష్ణ పొంగినచో గోలకొండకు దారి మూసికొనిపోవును. అతడు గుడారము లెత్తించి, నది పొంగకమునుపే దాటుటకు ఉత్తరముగా సాగిపోయెను.