మీకు తెలుసా?

వారమంతా ఉద్యోగం, పిలుపు రాగానే యూనిఫాం! రిజర్వ్ సైనికుల జీవితం ఇదే. అమెరికా ఆర్మీ రిజర్వ్‌కు 2020లో అధిపతి అయిన లెఫ్టినెంట్ జనరల్ జోడీ డేనియల్స్ ఆ దారిలోనే ఎదిగారు.

• 1908లో మొదలైన ఈ దళానికి నాయకత్వం వహించిన తొలి మహిళ ఆమే.

• 1983లో సైన్యాధికారిగా చేరి, మిలిటరీ ఇంటెలిజెన్స్‌లో పనిచేశారు. ఇరాక్‌లోనూ విధులు నిర్వర్తించారు.

• మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం నుంచి కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ పొందారు. లాక్‌హీడ్ మార్టిన్ పరిశోధనా విభాగంలో ఉద్యోగం చేస్తూనే రిజర్వ్‌లో కొనసాగారు.

• ఆమె అందుకున్న పురస్కారాల్లో ‘లీజియన్ ఆఫ్ మెరిట్’ ఒకటి. ఇలాంటి పతకం సైన్యంలో రెండోసారి వస్తే మరో పతకం తగిలించరు. రిబ్బన్‌పై చిన్న ఓక్ ఆకుల గుర్తు చేరుస్తారు. ఐదు కంచు గుర్తులకు బదులు ఒక వెండి గుర్తు!

• రిజర్వ్ సైనికులకు ప్రత్యేక పతకం ఉంది. దానిపై ఇసుక గడియారం గుర్తు 10 ఏళ్ల సేవకు కంచుది, 20కి వెండిది, 30కి బంగారు రంగుది. సొంత కొలువునూ, కుటుంబాన్నీ చూసుకుంటూ దేశానికిచ్చిన కాలానికి ఇంతకన్నా చక్కని గుర్తు ఏముంటుంది!