రాత్రికి రాత్రే డిస్క్ నింపేసిన లాగ్!

మా దుర్గిలో పొద్దున్నే శిల్పుల ఉలి చప్పుడుకు మెలకువ వస్తుంది. ఆ రోజు మాత్రం ఫోన్ మోగితే లేచాను. ‘డేటాబేస్ ఆగిపోయింది!’

తప్పు నాదే. యాప్ ఎందుకు నెమ్మదించిందో చూద్దామని, ముందు రోజు పోస్ట్‌గ్రెస్‌లో లాగింగ్‌ను ‘డీబగ్5’కి పెంచి పడుకున్నా. డీబగ్ స్థాయిలు ఐదు. 5 పెడితే డేటాబేస్ తన లోపలి పనుల గురించి లైన్లకు లైన్లు రాసేస్తుంది. మా సర్వర్‌లో లాగ్, డేటా ఒకే డిస్క్ మీద ఉన్నాయి. తెల్లారేసరికి నిండిపోయింది. పోనీ ఏ క్వెరీకి ఎంతసేపు పట్టిందో రాసిందా? లేదు! దానికి సెట్టింగే వేరు.

దాని పేరు ‘లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్’. డీఫాల్ట్‌గా -1, అంటే ఆఫ్. 0 పెడితే అన్ని క్వెరీలూ రాస్తుంది. 500 పెడితే అర సెకను, ఆపైన పట్టినవే రాస్తుంది. రీస్టార్ట్ అక్కర్లేదు, రీలోడ్ చాలు. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి స్లో క్వెరీ లాగ్ ఉంది. ఆన్ చేసినా దాని డీఫాల్ట్ హద్దు 10 సెకన్లు. అంతసేపు ఎవరు ఆగుతారండీ? తగ్గించుకోండి.

500 పెట్టాక పది నిమిషాల్లో దొంగ క్వెరీ దొరికింది. ఆ లైను కాపీ చేసి టీమ్ గ్రూప్‌లో పెట్టబోయి ఆగాను. అందులో ఒక కస్టమర్ ఫోన్ నంబర్ ఉంది! పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ‘లాగ్ పారామీటర్ మ్యాక్స్ లెంగ్త్’ను 0 చేస్తే, క్వెరీకి విడిగా పంపే విలువలు ఈ లాగ్‌లో పడవు. క్వెరీలోనే అతికించి రాసిన నంబర్లు మాత్రం అలాగే పడతాయి. మా కోడ్‌లో అలాంటివి ఇంకా వెతుకుతున్నా.