కుక్క వాంతులు చేసుకుంటూ తిండి మానేసిందా? ఎంతసేపు ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు

పెంపుడు కుక్క ఒకసారి వాంతి చేసుకోవడం అరుదైన విషయమేమీ కాదు. ఆత్రంగా మింగిన అన్నం, నమిలిన గడ్డి, చెత్తకుప్పలో దొరికిన ఎముక.. ఏదైనా కారణం కావచ్చు. కానీ వాంతులతో పాటు ఆహారమూ మానేస్తే తేలిగ్గా తీసుకోరాదు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లల విషయంలో ఒక్కరోజు ఆలస్యమైనా ప్రాణాల మీదకు రావచ్చు.

ముందుగా చూడాల్సినవి

పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలాలి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయినా, జిగటగా ఎండిపోయినా ఒంట్లో నీరు తగ్గిందని అనుమానించాలి. వాంతి ఎన్నిసార్లైంది, అందులో రక్తం ఉందా, విరేచనాలు అవుతున్నాయా అన్నది రాసుకుంటే వైద్యుడికి ఉపయోగపడుతుంది. వీలైతే వాంతిని ఫొటో తీసి ఉంచుకోవాలి.

ఇంటి వద్ద ఏం చేయవచ్చు?

ఎదిగిన కుక్క ఒకటి రెండుసార్లు వాంతి చేసుకుని, హుషారుగానే ఉంటే కొన్ని గంటలు ఆహారం ఆపి, నీటిని కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. వాంతులు తగ్గాక ఉప్పు, కారం, నూనె లేకుండా ఉడికించిన మెత్తని అన్నం, చర్మం తీసిన కోడిమాంసం స్వల్పంగా పెట్టాలి. కుక్కపిల్లలను మాత్రం పస్తుంచకూడదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వంటి మనుషుల మాత్రలు కుక్కలకు విషంగా మారవచ్చు. బలవంతంగా వాంతి చేయించే ప్రయత్నమూ వద్దు.

వెంటనే వైద్యుడి వద్దకు..

నీళ్లు కూడా నిలవకపోయినా, వాంతిలో లేదా మలంలో రక్తం కనిపించినా, 24 గంటలు దాటినా ఆహారం ముట్టకపోయినా ఆగకూడదు. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఓకరింతలు మాత్రమే వస్తుంటే జీర్ణాశయం మెలిపడి ఉండవచ్చు. అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, ఎలుకల మందు తిన్నట్లు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడరాదు. గర్భసంచి తొలగించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు ఎక్కువగా తాగుతూ వాంతులు చేసుకుంటే గర్భసంచిలో చీము చేరిందేమో పరీక్షించాలి. చొంగ కారుస్తూ, మింగలేకపోతున్న కుక్క నోట్లో చేయి పెట్టరాదు. అది రేబిస్ లక్షణమూ కావచ్చు.

పార్వోతో జాగ్రత్త

1970వ దశకం చివర్లో బయటపడిన పార్వో వైరస్ కుక్కపిల్లల పేగుల లోపలి పొరను, ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. నీరసం, తిండి మానేయడంతో మొదలై వాంతులు, దుర్వాసనతో కూడిన రక్త విరేచనాలకు దారితీస్తుంది. సెలైన్, వాంతులు ఆపే మందులు, యాంటీబయాటిక్‌లతో సకాలంలో చికిత్స అందితే చాలా కుక్కపిల్లలు కోలుకుంటాయి. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు క్రిమిసంహారకాల్లో చాలా వాటికి లొంగదు. గచ్చును ముందుగా కడిగి, ఒక వంతు బ్లీచ్‌ను 30 వంతుల నీటిలో కలిపి శుభ్రం చేయాలి.

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తొలి టీకా, ఆపై 16 వారాలు నిండే వరకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి మరో మోతాదు వేయించాలి. తొలి టీకాతోనే రక్షణ వచ్చిందనుకుని కుక్కపిల్లను వీధిలోకి తీసుకెళ్లడం పొరపాటు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు తొలి టీకాల పనికి అడ్డుపడవచ్చు. అందుకే చివరి మోతాదు వరకూ ఆగాలి.