నర్సింగ్ విద్యార్థులలో సామాజిక మాధ్యమ వ్యసనం

సామాజిక మాధ్యమ వ్యసనం అనగా ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వంటి మాధ్యమాల వాడకం అదుపు తప్పి, చదువు, నిద్ర, మానవ సంబంధాలు దెబ్బతింటున్నా మానుకోలేని స్థితి. ఇది అన్ని వర్గాలలో కనిపించేదే అయినా, నర్సింగ్ విద్యార్థుల విషయంలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. వార్డులో వారి ఏమరుపాటు వలన రోగికి హాని కలుగవచ్చును.

నేపథ్యం

హైదరాబాదులోని పంజగుట్టలో ఉన్న నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో నర్సింగ్ కళాశాల కూడా ఉన్నది. సమీపంలోని అమీర్‌పేట, బల్కంపేట ప్రాంతాలలో విద్యార్థుల వసతి గృహాలు ఎక్కువ. ఇటువంటి చోట ఇంటికి దూరంగా ఉండే విద్యార్థికి తల్లిదండ్రులతో మాట్లాడటానికి, తరగతి సమాచారం తెలుసుకొనటానికి ఫోనే ఆధారం. కనుక దానిని పూర్తిగా విడిచిపెట్టడం సాధ్యం కాదు. అవసరం ఎక్కడ ముగిసి వ్యసనం ఎక్కడ మొదలవుతుందో గుర్తించడమే ముఖ్యం.

లక్షణాలు

నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఫేస్‌బుక్ వ్యసనాన్ని అంచనా వేయడానికి ఒక కొలమానం ప్రచురించారు. తరువాత దానిని అన్ని సామాజిక మాధ్యమాలకు వర్తింపజేశారు. అందులో ఆరు అంశాలు ఉన్నాయి:

1. ఎప్పుడూ దాని గురించే ఆలోచించడం
2. వాడకం నానాటికీ పెరగడం
3. బాధలు మరచిపోవడానికి దానిని ఆశ్రయించడం
4. తగ్గించాలని ప్రయత్నించి విఫలమవడం
5. అందుబాటులో లేనప్పుడు అశాంతి కలగడం
6. చదువు లేదా పని దెబ్బతినడం

ఒక్కొక్క అంశానికి 1 నుండి 5 వరకు, మొత్తం 6 నుండి 30 వరకు మార్కులు ఉంటాయి. ఇది ప్రాథమిక అంచనాకు మాత్రమే పనికివస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటు లభించింది. సామాజిక మాధ్యమ వ్యసనం ప్రత్యేక వ్యాధిగా చేరలేదు.

నర్సింగ్ వృత్తిపై ప్రభావం

మందు ఇచ్చే ముందు రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం అనే ఐదింటినీ సరిచూడాలని నర్సింగ్ విద్యార్థులకు బోధిస్తారు. ఈ పనికి మధ్యలో అంతరాయం కలిగితే పొరపాటుకు అవకాశం పెరుగుతుంది. అర్ధరాత్రి వరకు ఫోను చూసి, నిద్ర చాలక ఉదయం వార్డుకు వచ్చినవారిలో ఏకాగ్రత తగ్గుతుంది. రోగి ఫొటోను గాని, కేసు షీటును గాని ఇతరులకు పంపితే అతని గోప్యతకు భంగం కలుగుతుంది.

అయితే వ్యసనానికీ, ఆందోళన, నిద్రలేమి వంటి సమస్యలకూ సంబంధం చూపే అధ్యయనాలలో చాలావరకు ఒకే సమయంలో సేకరించిన జవాబులపై ఆధారపడినవి. వాటిని బట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చలేము. ఒంటరితనం వలన ఫోను వాడకం పెరిగి ఉండవచ్చును కూడా.

నివారణ

- అనవసరమైన నోటిఫికేషన్లను నిలిపివేయడం
- డ్యూటీ సమయంలో ఫోనును దూరంగా ఉంచడం
- రాత్రి పడకకు దూరంగా ఛార్జింగ్ పెట్టడం
- విరామంలో తోటివారితో ముఖాముఖి గడపడం

స్వయంగా అదుపు చేసుకోలేనివారు మానసిక వైద్యుని సంప్రదించవచ్చును. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చును. అమీర్‌పేట పరిసరాలలోని వారికి ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం దగ్గరలో ఉన్నది.