తెర మీద పాఠం ఎవరికి? బళ్లో పాఠం ఎవరికి?

ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. పొద్దున పదింటికి అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసు ఉంది. అదే పదింటికి అమ్మాయికీ ఉంది. ఫోను ఎవరి చేతికి వెళ్తుంది? జవాబు నాకు చెప్పక్కర్లేదు, మనసులో చెప్పుకోండి చాలు.

ఆన్‌లైన్ చదువు మంచిదా, బడి చదువు మంచిదా అని ఎవరైనా వాదన మొదలుపెడితే ఇంటర్నెట్ వేగం గురించో, కళ్లజోళ్ల గురించో మాట్లాడతారు. అవీ ముఖ్యమే, కాదనను. కాని మనం ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పాఠం వినటానికి ఇంట్లో ఎవరికి ఫోను దొరుకుతుంది, ఎవరికి తీరిక దొరుకుతుంది, పక్కన ఎవరు కూచుంటారు? ఇలా అడిగి చూడండి, చిన్నపిల్లలకు ఒక జవాబు వస్తుంది, కాలేజీ వయసు ఆడపిల్లకు ఇంకొకటి, ఎప్పుడో చదువు ఆపేసిన తల్లికి మరొకటి.

చేనుకు వెళ్లిన ఫోను

పల్నాడు జిల్లా నాదెండ్ల మండలం సంగతే తీసుకోండి. అటు నరసరావుపేట, ఇటు చిలకలూరిపేట, మధ్యలో పత్తి చేలు, మిరప తోటలు. గణపవరంలో స్పిన్నింగ్ మిల్లులు. ఇలాంటి చోట పత్తి తీతల రోజుల్లో, మిరప కోతల రోజుల్లో ఆడవాళ్లు క్యారేజీ కట్టుకుని పొద్దు పొడవకముందే ఆటో ఎక్కుతారు. మగవాళ్ల జేబులో ఫోను వాళ్లతోపాటే చేనుకో, మిల్లుకో, పురుగుమందుల కొట్టుకో వెళ్తుంది. ఇక పదింటి క్లాసు ఎవరు వినాలి? ఫోను ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకి. అప్పటికి అందులో ఛార్జింగూ ఉండదు, ఆ రోజు డేటా కూడా అయిపోయి ఉంటుంది.

2020 మార్చిలో కరోనాతో బళ్లు మూతపడ్డప్పుడు రాష్ట్రమంతటా ఈ ముచ్చట చూశాం. దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పదో తరగతి పిల్లలకు 'విద్యామృతం' పేరుతో పాఠాలు వేశారు. రేడియోలో 'విద్యా కలశం' వచ్చింది. ప్రైవేటు స్కూళ్లు జూమ్‌లోనూ, వాట్సాప్‌లోనూ తంటాలు పడ్డాయి. తొమ్మిది, పది తరగతుల వాళ్లకు బడి తలుపు తెరుచుకున్నది ఆ ఏడాది నవంబరు 2న. ఒకటి నుంచి ఐదు తరగతుల బుడ్డోళ్లు మెట్లెక్కేసరికి 2021 ఫిబ్రవరి వచ్చింది. రెండో విడత కరోనాకి మళ్లీ మూసేసి, ఆగస్టు 16న తెరిచారు. లెక్క వేసి చూడండి. ఒకటో తరగతిలో అక్షరాలు దిద్దాల్సిన పిల్ల ఆ ఏడాది చాలామటుకు ఇంట్లోనే గడిపింది.

దేశం మొత్తం మీద పల్లెల్లో జరిగే 'అసర్' సర్వే 2021లో ఒక సంగతి బయటపెట్టింది. బడిలో పేరున్న పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉందట. బాగానే ఉంది కదూ? కాని అలా ఫోనున్న ఇళ్లలో కూడా నూటికి 26 మంది పిల్లలకు చదువుకోవటానికి అది చేతికే రాలేదట! అదే ఏడాది అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ వాళ్లు ఐదు రాష్ట్రాల్లో, రెండు నుంచి ఆరు తరగతుల పిల్లలు పదహారు వేల మందిని పరిశీలించారు. నూటికి 92 మంది చదవటం, రాయటం, మాట్లాడటం లాంటి భాషా నైపుణ్యాల్లో అంతకుముందు వచ్చినదాన్ని ఒకటైనా మర్చిపోయారు. లెక్కల్లో అలా మర్చిపోయినవాళ్లు 82 మంది. ఆ ఐదింటిలో మన రాష్ట్రం లేదు గాని, కూడికలు వేళ్ల మీద లెక్కపెట్టే ఐదో తరగతి పిల్లల్ని ఆ తర్వాత మన వీధిలోనూ చూశాం.

పక్కన కూచునేది ఎవరు?

చిన్నపిల్లలకు తెర మీద పాఠం చెప్పాలంటే టీచరొక్కరు చాలరు. ఫోను పట్టుకోవటానికి, పిల్లవాడు యూట్యూబులోకి జారిపోకుండా చూడటానికి, 'విన్నావా, రాశావా' అనటానికి ఇంట్లో ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా? పొయ్యి మీద పప్పు పెట్టి, ఒక చేత్తో గరిట, ఇంకో చేత్తో ఫోను. కూలికి వెళ్లే తల్లికి ఆ అవకాశమూ లేదు. వెళ్లకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఆన్‌లైన్ చదువు చవకని చెప్పేవాళ్లు తల్లి పోగొట్టుకున్న ఆ కూలిని ఏ ఖాతాలో రాస్తారో నాకు అర్థం కాదు.

ఇక బడి అంటే పాఠం ఒక్కటే కాదు. మధ్యాహ్నం అన్నం, కూర, గుడ్డు, చిక్కీ కూడా బడే. ఇప్పుడు దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, గోదావరి లంకల్లో వచ్చినవారికల్లా అన్నం పెట్టిన మహాతల్లి ఆవిడ. బళ్లు మూసినప్పుడు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకే పంపారు, అది మంచి పనే. అయితే ఇంటికొచ్చిన గుడ్డు ఇంటిల్లిపాదికీ పంచుకునే గుడ్డు అవుతుంది. బళ్లో పెట్టిన గుడ్డు మాత్రం పిల్ల కడుపులోకే పోతుంది.

ఆ తర్వాత ట్యాబుల ముచ్చట వచ్చింది. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి గారి పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులో బైజూస్ పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఇంటర్నెట్ లేకపోయినా పాఠం నడుస్తుంది. పల్లెటూళ్లకు ఇది నిజంగా పనికొచ్చే ఆలోచనే. గుండె ఎలా కొట్టుకుంటుందో బోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మకంటే కదిలే బొమ్మలో బాగా తెలుస్తుంది మరి. పిల్లలు వేరేవి చూడకుండా ట్యాబుకు తాళం వేశారు. తాళం తీసే విద్య పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదనుకోండి! ఆ పాఠాలు తయారుచేసిన కంపెనీ మీద 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. ఏ కంపెనీ సంగతి ఏమైనా, లెక్కల మేష్టారు మర్నాడు కూడా బడికి వస్తారు. అర్థం కాని పిల్ల ముఖం చూసి 'ఏమ్మా, మళ్లీ చెప్పనా?' అని అడుగుతారు.

తెరకున్న గొప్ప గుణమల్లా ఒకటే. అది విసుక్కోదు. ఒకే పాఠం పదిసార్లు పెట్టుకున్నా కోప్పడదు. జ్వరం వచ్చి వారం రోజులు బడి మానేసిన పిల్లకు, పరీక్షల ముందు మళ్లీ చూసుకునేవాళ్లకు ఇది వరమే. మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో చిన్న నలుపు చుక్కల చతురస్రాలుంటాయి చూశారా, వాటిని క్యూఆర్ కోడ్ అంటారు. ఫోనులో 'దీక్షా' యాప్ వేసుకుని దాన్ని చూపిస్తే ఆ పాఠం వీడియో ఉచితంగా వస్తుంది. బడి నుంచి వచ్చాక అరగంట ఇలా చూపించండి. బడికి బదులు మాత్రం వద్దు. ఎంతసేపు అంటారా? 2020లో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞత' పేరుతో ఇచ్చిన సూచనల ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు రోజుకు రెండు క్లాసులకు మించకూడదు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. కళ్ల డాక్టర్లు చెప్పే చిట్కా కూడా తేలికే: ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడాలి. వాకిట్లో వేపచెట్టుంటే ఇంకేం కావాలి!

మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, వీడియో అయ్యాక 'ఏం చెప్పారో నాకు చెప్పు' అనండి. చెప్పగలిగితే అర్థమైనట్టు. నీళ్లు నమిలితే మళ్లీ పెట్టమనండి.

చదువు ఆపేసిన తల్లికి

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. అవును, మీదే. ఏడో తరగతిలోనో, పదిలోనో పెళ్లి కోసం చదువు ఆపేసినవాళ్లు మనలో ఎంతమంది లేరు? ఆ వయసుకి, ఆ ఇంటి పనికి బళ్లో బెంచీ ఎవరూ ఖాళీగా ఉంచరు. దూరం నుంచి వచ్చే పాఠం అసలు ఇలాంటివారి కోసమే.

ఇది ఇవాళ పుట్టిన ఆలోచనా కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు చూపిన ఆరు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునాట పుట్టింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారు తర్వాత ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఏనాడూ బడికి వెళ్లనివాళ్లు కూడా 18 ఏళ్లు నిండితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేందుకు ఆ అంబేద్కర్ యూనివర్సిటీ దారి తీసింది. తెలుగులో పుస్తకాలు, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో క్లాసులు. అప్పట్లో ఆదివారం చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ స్టడీ సెంటరుకు పరుగెత్తిన గృహిణులు గుమాస్తాలయ్యారు, టీచర్లయ్యారు. గమనించారా, దూరవిద్య అన్నా సరే, వారానికోసారైనా మనుషులు కలిసే గది ఒకటి పెట్టారు.

పది పాసవ్వాలంటే సార్వత్రిక విద్యాపీఠం, అదే ఓపెన్ స్కూలు ఉంది. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అన్ని పేపర్లూ ఒక్కసారే రాయక్కర్లేదు, ఐదేళ్లలోపు విడతలుగా రాసుకోవచ్చు. మిరప కోతల్లేని నెలల్లో రెండు పేపర్లు, వచ్చే ఏడు ఇంకో మూడు. మీ మండల విద్యాశాఖ ఆఫీసులో అడిగితే దగ్గరి సెంటరు ఎక్కడో చెప్తారు. రాత్రి గిన్నెలు కడిగాక ఆ ఫోను మీ చేతిలోకి తీసుకోండి. పగలంతా అందరికీ ఇచ్చారు, గంట మీకు రాదా?

డిగ్రీకి వెళ్లేవాళ్లు ఒక్కటి మాత్రం చూసుకోవాలి. యూజీసీ అనుమతి ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ, మామూలు డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ ప్రకటించింది. అనుమతి లేనిచోట కట్టిన ఫీజు కృష్ణార్పణం. చేరేముందు యూజీసీ వెబ్‌సైట్లో ఆ యూనివర్సిటీ పేరూ, ఆ కోర్సు పేరూ రెండూ ఉన్నాయేమో చూడండి. నర్సింగు, ఇంజనీరింగు ఆన్‌లైన్‌లో ఇస్తామని ఎవరైనా అంటే ఇక అక్కడ కూచోకండి, అవి అలా ఇవ్వటానికి వీల్లేదు.

'ఇంట్లోనే చదువుకుంటుందిలే'

ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం ఈ మాటే. ఇంటర్ పాసైన అమ్మాయిని ఇదివరకు 'చదువు చాలు' అని ఆపేవాళ్లు. ఇప్పుడు అలా అనటానికి కొంచెం సిగ్గుపడుతున్నారు. అందుకని 'ఆన్‌లైన్ డిగ్రీ ఉందిగా, నరసరావుపేట దాకా ఎందుకు, ఇంట్లోనే చదువుకుంటుందిలే' అంటున్నారు. వినటానికి ఎంత బాగుందో! మొదటి నెల చదువుతుంది. రెండో నెల 'కాస్త ఈ బట్టలు ఆరెయ్యి' అంటారు. ఆర్నెల్లకు సంబంధం వస్తుంది, పరీక్షల తేదీ ఎవరికీ గుర్తుండదు.

కాలేజీ అంటే ఆడపిల్లకు పాఠం ఒక్కటే కాదు కదా. బస్సులో సీటు కోసం నోరు విప్పటం, లైబ్రరీ, ల్యాబు, ఊరు కాని ఊరి స్నేహితురాలు, ఏదో ఉద్యోగం నోటిఫికేషన్ వచ్చిందని చెప్పే సీనియర్. ఇవేవీ తెరలోంచి రావు. తల్లికి తెర పాఠం ఇంట్లోంచి బయటికి దారి చూపిస్తుంది. అదే తెరను అడ్డం పెట్టి కూతురికి ఆ దారి మూసెయ్యవచ్చు.

మరీ దూరమై, ఆరోగ్యం బాగాలేకో, నిజంగా వీలుకాని ఇల్లయితే సరే, ఆన్‌లైన్‌లోనే చేర్చండి. అప్పుడు కూడా చేరిన రోజే పరీక్ష తేదీలు క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాసి వంటింట్లో తగిలించండి. అమ్మాయి చదువుకునే రెండు గంటలూ ఎవరూ పని చెప్పకూడదని ఇంటాయన చేతే అనిపించండి.

బస్సు ఖర్చు అంటారా, 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీశక్తి' పథకం కింద మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే సరి. మొదటి రోజు కావాలంటే మీరూ అమ్మాయితో బస్సెక్కండి, మీకూ టికెట్టు ఉచితమే.