వెనక వచ్చేవాడి కోసం వేలాడే రబ్బరు

పరుగెత్తే చక్రంలోనూ ఒక చోటు నిలిచే ఉంటుంది. అది టైరు నేలను ఆనిన చోటు. జారకుండా దొర్లే చక్రానికి ఆ క్షణంలో అక్కడ వేగం సున్నా. పై అంచు మాత్రం బండి వేగానికి రెట్టింపు వేగంతో ముందుకు దూసుకుపోతుంటుంది. ఇది రోడ్డు పక్కన నిలబడి చూసేవాడి లెక్క. బండిలో కూర్చున్నవాడి లెక్క వేరు. ట్రక్కు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, టైరు అంచున ఎక్కడ చూసినా 100 వేగమే ఉంటుంది. నేల దగ్గర అది వెనక్కి, ఇరుసు ఎత్తుకు వచ్చేసరికి నిలువుగా పైకి, నెత్తిన ముందుకు. అదే వేగంతో వెనక వస్తున్న కారులోవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. టైరు గాడిలోంచి, లేదా జంట టైర్ల మధ్య నుంచి ఊడిన గులకరాయి ఇంచుమించు ఆ 100 వేగంతోనే బయల్దేరుతుంది. దానికి ఎదురుగా వాళ్ల ముందు అద్దం ఉంటుంది.

ఆ రాయికీ అద్దానికీ మధ్య అడ్డుగా వేలాడేది మడ్ ఫ్లాప్. ట్రక్కుకు కొనే సామానులో దాదాపు ప్రతిదీ యజమానికి అక్కరకొచ్చేదే. ముందు ఇరుసుల వెనక కట్టే ఫ్లాపులైనా సొంత బండి గాలి గొట్టాలనూ, వైర్లనూ కాపాడతాయి. ట్రైలరు చిట్టచివర వేలాడేది మాత్రం ముక్కూమొహం తెలియని పరాయివాడి కోసం. డబ్బు పెట్టేది ఒకరు, బాగుపడేది ఇంకొకరు. అలాంటి వస్తువు చట్టంలోకి ఎక్కకుండా ఉండదు. అమెరికాలో దీనికి దేశమంతటికీ ఒకే నియమం లేదు. ఏ రాష్ట్రం రూలు ఆ రాష్ట్రానిదే. టెక్సాస్‌లో ఫ్లాప్ కింది అంచు నేలకు 8 అంగుళాల లోపు ఉండాలి.

ఎవరి రూలు వాళ్లదైతే ఏమవుతుందో 1950లలో తేలింది. ట్రక్కులకు వంపు తిరిగిన మడ్‌గార్డే ఉండాలని 1957లో ఇల్లినాయ్ చట్టం చేసింది. టైరు చుట్టూ అర్ధచంద్రంలా ఒదిగే రకం అది. అప్పట్లో కనీసం 45 రాష్ట్రాల్లో తిన్నగా వేలాడే ఫ్లాప్ చెల్లేది. ఆర్కన్సాలోనైతే తిన్ననిదే ఉండాలనేవారు. అంటే ఈ రెండు రాష్ట్రాలూ దాటే ట్రైలరు దారిలో ఎక్కడో ఆగి ఒకటి విప్పి ఇంకొకటి బిగించుకోవాల్సి వచ్చేది. ఆ పనికి రెండు నుంచి నాలుగు గంటలు పట్టేది, వెల్డింగ్ కూడా కావాల్సి వచ్చేది. ట్రైలరులో పేలుడు సామగ్రి ఉన్నప్పుడు నిప్పు రవ్వలు ఎగిరే పని చేయడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. పైగా వంపు మడ్‌గార్డు బ్రేకు డ్రమ్ముల వేడిని బయటికి పోనివ్వదనీ, రాళ్లను ఆపడంలో తిన్నదానికంటే మెరుగేమీ కాదనీ కింది కోర్టు విచారణలో తేల్చింది. కేసు అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 1959 మే 25న జస్టిస్ విలియం డగ్లస్ తీర్పు రాశారు. రాష్ట్రాల మధ్య వర్తకానికి ఇల్లినాయ్ చట్టం మోయలేని బరువు అవుతోందంటూ కొట్టేశారు. నవాహో ఫ్రైట్ లైన్స్ అనే రవాణా సంస్థ పేరుతో ఉన్న ఈ కేసును అక్కడి న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. నాకు ఇందులో నచ్చేది తీర్పు కంటే, ఒక రేకు వంపు మీద కోర్టు అంత ఓపికగా కూర్చోవడం.

రాయిని ఆపడం తేలిక. తుంపరతోనే అసలు చిక్కు. టైరు గాళ్లలోంచి ఎగిరిన పెద్ద చినుకు నున్నటి రబ్బరుకు గట్టిగా తగిలితే చితికి పొగమంచంత సన్నని తుంపర అవుతుంది. ట్రక్కు పక్కన సుడి తిరిగే గాలి దాన్ని పట్టుకుని మోసుకుపోతుంది. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద ముసురులో లారీని దాటబోయిన ప్రతి ఒక్కరికీ ఆ తెల్లటి తెర తెలుసు. వైపర్ తిరుగుతూనే ఉంటుంది, దారి కనబడదు. దీన్ని అణచే పరికరాలకు ప్రమాణం తయారు చేయమని అమెరికా కాంగ్రెస్ 1982లో ఆదేశించింది. నమ్మకంగా పనిచేసే పరికరం దొరకలేదంటూ రహదారి భద్రతా సంస్థ 1988లో ఆ ప్రయత్నాన్ని వదిలేసింది. యూరప్ వదల్లేదు, 1991లో ఉమ్మడి ఆదేశం తెచ్చింది. అక్కడ వాడే ఒక రకం ఫ్లాపును చేత్తో తడిమితే ప్లాస్టిక్ గడ్డి తగులుతుంది. చినుకు ఆ పరకల మధ్య దూరి, వేగం చచ్చి, ధారగా కిందికి కారిపోతుంది. చితికే అవకాశమే ఉండదు.

ఇక ఎంపిక, బిగింపు. అమెరికాలో సాధారణంగా దొరికే ఫ్లాప్ వెడల్పు 24 అంగుళాలు. జంట టైర్ల వెడల్పు దాదాపు అంతే మరి. పొడవు 30, 36 అంగుళాల్లో వస్తుంది. రబ్బరు బరువుగా ఉండి గాలికి తక్కువ లేస్తుంది, దెబ్బ ఓర్చుకుంటుంది. ప్లాస్టిక్ తేలిక, కానీ వేగంలో తెరచాపలా లేచి వెనకవాడిని గాలికి వదిలేస్తుంది. దానికి వెనకనుంచి ఒక కడ్డీ ఆసరా ఇవ్వాలి. చీలికలున్న రకం గాలిని పోనిస్తుంది కనుక అంతగా లేవదు.

ఎక్కడ వేలాడదీయాలన్నదే మెలిక. టైరుకు ఎంత దగ్గరైతే అంత మంచిదని అనిపిస్తుంది. లెక్క వేస్తే తిరగబడుతుంది. టైరు వ్యాసార్ధం 20 అంగుళాలు, ఫ్లాప్ కింది అంచు నేలకు 8 అంగుళాల ఎత్తు అనుకుందాం. ఫ్లాప్‌ను టైరు వెనక అంచుకు 4 అంగుళాల్లో కడితే, నేలకు 21 డిగ్రీల వాలుతో టైరు నుంచి ఊడే రాయి కూడా దాని కిందనుంచి తప్పించుకుంటుంది. టైరు అంచుకు 12 అంగుళాల దూరానికి జరిపితే 15 డిగ్రీల లోపు వాలుతో వచ్చేవే తప్పించుకుంటాయి. అలాగని మరీ వెనక్కి జరిపితే పక్కలనుంచి చిమ్మేది జారిపోతుంది.

కొలత చదునైన నేల మీద తీసుకోవాలి. కమాన్‌పట్టీల బండి అయితే లోడు వేశాక కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే అది కుంగుతుంది. బోల్టును నేరుగా రబ్బరు మీద బిగించకూడదు, నెలలు గడిచేకొద్దీ తల రంధ్రంలోంచి లోపలికి దూరిపోతుంది. అడ్డంగా ఇనుప పట్టీ పెట్టి, దానిమీద వాషరు, లాక్ నట్టు వేయాలి. రబ్బరు నలిగి సర్దుకుంటుంది కనుక నాలుగు రోజులయ్యాక మళ్లీ బిగించాలి. ఫ్లాప్‌ను మోసే హ్యాంగర్ మొదట్లో స్ప్రింగు ఉన్నది కొనడం మేలు. సరుకు ఎక్కించే డాకు గోడకు తగిలినా ఒంగి మళ్లీ లేస్తుంది.

ఎక్కువ ఫ్లాపులు పోయేది రోడ్డు మీద కాదు, రివర్స్‌లో. గట్టు ఎక్కేటప్పుడు వెనక టైరు ఫ్లాప్ కింది అంచును తొక్కి, బ్రాకెట్‌తో సహా పీకేస్తుంది. ఊడేముందు అది ఒక గుర్తు చూపిస్తుంది. ఫ్లాప్ లోపలి ముఖం మీద, కింది మూలకు దగ్గర్లో, టైరు గాళ్ల అచ్చు పడి రబ్బరు మెరుస్తుంటుంది. ఆ మెరుపు కనబడిన రోజే హ్యాంగర్‌ను రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపాలి.